ఐదో ఆదివారం

"టీ అక్కడ పెట్టు బాబూ, తాగుతాను," అన్నారు మాస్టారు, చేతిలోని సుత్తి దించకుండానే.

అల్లుడు ఒక స్టీలు గ్లాసు ఆయన కుడివైపు బల్ల మీద, రెండోది తన కోసం ఎడమ చివర పెట్టాడు. మామగారి గ్లాసు ప్రతిసారీ కుడివైపే పెడతాడన్న సంగతి మాస్టారు కిందటి నెలలోనే గమనించారు.

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఆయనకు కమ్మరం ఈమధ్యే పట్టుకున్న పిచ్చి. పెరటి రేకుల షెడ్డులో లారీ బ్రేకు డ్రమ్ము కొలిమి అయింది, రైలు పట్టా ముక్క ఇనుము పెట్టి కొట్టే దాగలి అయింది, చేత్తో తిప్పే పాత పంకా ఒకటి తిత్తికి బదులు వచ్చింది. అన్నీ పాత ఇనుప కొట్టులో ఏరుకొచ్చినవే. తన దగ్గరే ఉంటున్న కూతురికి ఇప్పుడు ఐదో నెల. పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకు స్టాండు తన చేతులతోనే చేయాలని ఆయన పంతం. అందుకోసం తుప్పుపట్టిన చువ్వలన్నీ కాదని, వెండిలా మెరిసే నీళ్ల గొట్టాలు ఎంచి మరీ తెచ్చుకున్నారు. పసిబిడ్డ పడుకునేచోట శుభ్రమైన ఇనుమే ఉండాలి కదా.

అంతా సజావుగానే సాగేది, ఆ జ్వరం లేకపోతే.

ఆదివారం పగలంతా పనిచేస్తే సాయంత్రానికి నోట్లో నాణెం చప్పరించినట్టు తియ్యటి లోహపు రుచి, ఆపైన దంతాలు టకటకలాడే చలి. మర్నాటికి ఏమీ ఉండదు. డాక్టరు పరీక్ష చేసి, "వయసండీ," అన్నాడు. తన వయసు ఆదివారాలు మాత్రమే పెరగదని అతనికి చెప్పి వచ్చేశారు మాస్టారు.

పిల్లి ఎదురైతే పని చెడుతుందనేవాళ్లతో జీవితమంతా వాదించిన మనిషి. ఆధారం లేనిదే ఎవరినీ అనుమానించరు. అందుకే నోటుబుక్కులో పట్టిక గీశారు. మొదటి మూడు ఆదివారాలు: కొలిమి పని ఉంది, టీ ఉంది, జ్వరం ఉంది. నాలుగో ఆదివారం కూతురూ అల్లుడూ ఊరెళ్లారు. ఆ రోజు ఆయన గొట్టాలు పక్కనపెట్టి, కారు కమాను పట్టీ కాల్చి ఉలి చేసుకున్నారు. కొలిమి పని ఉంది, టీ లేదు, జ్వరం లేదు.

మాస్టారు 'టీ' అన్న మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. అల్లుడు రెండు నెలల కిందట అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది: "మామయ్యగారూ, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయి?"

ఇది ఐదో ఆదివారం.

"బాబూ, గోడవారగా బొగ్గుల సంచి ఉంది, కాస్త తెచ్చిపెట్టు."

అల్లుడు అటు వెళ్లగానే మాస్టారు గ్లాసులు రెండూ తారుమారు చేశారు. తిరిగొచ్చిన అల్లుడు తనవైపున్న గ్లాసు గడగడా తాగేశాడు.

"ఏంటి మామయ్యగారూ, అలా చూస్తున్నారు?"

"పంచదార సరిపోయిందా అని."

"కలిపింది మీ అమ్మాయి. చాల్లేదని చెప్పే ధైర్యం నాకు లేదు."

మాస్టారు నవ్వలేదు. తనకు మిగిలిన గ్లాసు ఖాళీ చేసి, "నడుం పట్టేసింది. ఇవాళ నువ్వు కొట్టు, నేను చెబుతాను," అని గుమ్మం బయట గాలికి కుర్చీ వేసుకున్నారు.

అల్లుడు రెండు గంటలు పంకా తిప్పాడు, గొట్టాలు కాల్చాడు, కొసలు చదును చేశాడు. డ్రమ్ము మీంచి తెల్లటి పొగ దూదిపింజల్లా లేచి రేకుల కింద సుళ్లు తిరిగింది.

"మీ కొలిమి మబ్బులు తయారుచేస్తోంది మామయ్యగారూ," అన్నాడు దగ్గుతూ. మాస్టారు పొగను చూడలేదు. అతని ముఖాన్నే చూస్తున్నారు.

ఆ సాయంత్రం అల్లుడు రెండు దుప్పట్ల కింద వణికాడు. "నోరంతా అదోలా తియ్యగా ఉంది," అని భార్యతో అనడం పక్కగదిలో మాస్టారికి వినిపించింది. ఆయనకు మాత్రం ఏమీ కాలేదు. పట్టిక కింద 'ఋజువైనది' అని రాసి గీత గీశారు. గీత వంకరపోయింది.

పొద్దున్నే కూతుర్ని పిలిచారు.

"టీలో ఏదో కలుపుతున్నాడమ్మా."

"టీ పెట్టేది నేను నాన్నా."

"తెచ్చేది అతను. ఇంటి కాగితాలు ఎందుకడిగాడు?"

"షెడ్డుకి కరెంటు పెట్టించాలంటే కాగితాలు కావాలన్నారట. మీ చేత పంకా తిప్పించడం ఆయనకు ఇష్టంలేదు."

"అబద్ధానికైనా లెక్క కుదరాలి," అంటూ నోటుబుక్కు ముందుకు తోశారు.

ఆమె అంతా చదివి మూసింది. "చిన్నప్పుడు లెక్క తేడా వస్తే మళ్లీ మొదట్నుంచి చేయమనేవారు మీరు."

"ఇందులో తేడా లేదు."

"అయితే మేం ఉండం నాన్నా. బిడ్డ పుట్టాక చూడ్డానికి కూడా మీరు రావద్దు."

మధ్యాహ్నానికి సామాన్ల ఆటో వచ్చింది. నీరసంగానే పెట్టెలన్నీ ఎక్కించి, చివర్లో అల్లుడు వెనక్కి తిరిగాడు. "ఆ షెడ్డుకి ఒక కిటికీ పెట్టించుకోండి మామయ్యగారూ." ఎంత నటన, అనుకున్నారు మాస్టారు.

ఆటో మలుపు తిరిగిందో లేదో, పాత ఇనుప కొట్టతను తోపుడు బండి మీద గొట్టాల కట్టతో దిగాడు.

"ఉయ్యాల స్టాండుకి మిగతావి తెచ్చాను సార్." షెడ్డులోకి తొంగిచూసి, మాడి నల్లబడిన కొసల దగ్గర ఆగిపోయాడు. "వీటిని కొలిమిలో పెట్టారా? కోసి బోల్టులు బిగించుకుంటారనుకున్నానే."

"కాల్చకుండా ఎలా వంగుతాయయ్యా?"

"వీటికి జింకు పూత ఉంటుంది సార్. అందుకే తుప్పు పట్టవు. కాలిస్తే తెల్లగా పొగ రాలేదూ?"

"వచ్చింది. వస్తే?"

"ఆ పొగ పీల్చినవాళ్లకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది సార్."