మణికట్టు సాక్ష్యం

"నిజం చెప్పండి. చిప్స్ తిన్నారా, లేదా?"

"లేదే."

భార్య దగ్గరికి జరిగింది. ఆయన మణికట్టు పట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి తల పంకించింది.

"మీరేమో లేదంటున్నారు. మీ నాడేమో ఎగిరెగిరి పడుతోంది."

డ్రైవింగ్ మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కోబోయారు. నిజానికి ఆయన తినలేదు. కానీ సొంత గుండే ఎదురు సాక్ష్యం చెబుతుంటే ఏ మగాడు నిలబడగలడు?

"రెండే తిన్నాను," అని ఒప్పేసుకున్నారు.

గుండె లయ తప్పి, ఒంటికి నీరు పట్టి, మాస్టారు ఆసుపత్రిలో పడి లేచినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. డాక్టరమ్మ ఉప్పు తినుబండారాలు మాన్పించి, రెండు రకాల బిళ్ళలు రాసింది. ఒకటి ఒంట్లో నీరు లాగేసేది. రెండోది గుండె వేగాన్ని అదుపులో ఉంచేది. మొదటిది నీళ్ళ బిళ్ళ, రెండోది బ్రేకు బిళ్ళ. ఆ పేర్లు మాస్టారే పెట్టారు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని పరాయి వాళ్ళ బండికి బ్రేకు వేసిన మనిషి కదా, ఆయనకి అలాగే తోచింది.

రోజూ బ్రేకు బిళ్ళ వేసే ముందు నాడి చూడాలి. అరవైకి తగ్గితే బిళ్ళ ఆపి ఫోన్ చేయాలి. మధ్యమధ్యలో నాడి దెబ్బలు తప్పుతుంటే వెంటనే తీసుకురావాలి. ఇదీ డాక్టరమ్మ మాట.

ఎలా చూడాలో నర్సు చూపించబోతే మాస్టారి భార్య వారించింది.

"చేత్తో పట్టి చూడటం నాకు నేర్పకమ్మా."

ఆవిడ దర్జీ. బట్టని బొటనవేలి కింద ఒక్కసారి రుద్ది, నూలెంతో కల్తీ ఎంతో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. బట్టల కొట్టువాళ్ళకి ఆవిడ చెయ్యి చాపితే హడల్. అలాంటి మనిషికి మొగుడి మణికట్టు ఒక లెక్కా?

మొదట్లో బాగానే ఉంది. పోనుపోను నాడి చూడటం కాస్తా పోలీసు విచారణ అయి కూర్చుంది.

ఓ పొద్దున ఆవిడ నాడి చూస్తుండగా మాస్టారి ఫోన్ మోగింది. ఒకప్పుడు ఆయన దగ్గర కారు నేర్చుకున్న బ్యూటీ పార్లర్ ఆవిడ.

"మాస్టారూ, ఎలా ఉన్నారు? పక్కన మీరు లేకపోతే నాకు రివర్స్ రావట్లేదండీ," అంది తియ్యగా. ఖర్మకొద్దీ ఫోన్ స్పీకర్ మీద ఉంది.

మాట్లాడటం అయిపోయినా భార్య చెయ్యి వదల్లేదు.

"ఆవిడ గొంతు వినగానే గుండె గుర్రమైపోయింది, చూశారా?"

"నాకేం అనిపించలేదే."

"మీకెందుకు అనిపిస్తుంది? నాకు తెలుస్తోందిగా."

మాస్టారు రెండు రోజులు దాని గురించే ఆలోచించారు. పార్లరావిడ అంటే తనకంత ఇష్టమని ఆయనకే ఇంతవరకూ తెలియదు. కొంచెం సిగ్గేసింది. చెప్పొద్దూ, కొంచెం ముచ్చటేసింది కూడా.

ఆ ముచ్చట తీరకముందే మరో పొద్దున భార్య నాడి లెక్కపెడుతూ పెడుతూ ఆగిపోయింది. ఒక దెబ్బ పడింది. రెండోది పడింది. తర్వాతది రాలేదు. ఆ తర్వాత మూడు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. మళ్ళీ ఖాళీ.

"ఏవండీ, మీకెలా ఉంది?"

"భేషుగ్గా ఉంది. ఆయాసం లేదు, కాళ్ళ వాపు కూడా తగ్గిపోయింది. టిఫిన్ ఇంకాస్త ఉంటే పెట్టు."

"గుండె కుట్టు తప్పుతుంటే భేషుగ్గా ఉండటమేంటండీ? బిళ్ళ మింగడం మానేశారా?"

"నీ చేత్తోనే వేస్తున్నావు కదే."

ఆవిడ భోరుమంది. "మీరు పోతే నేనెలా బతకాలి?" అంది. ఆ మాట అంటున్నంతసేపూ వేలి కింద నాడి చిందులు తొక్కుతూనే ఉంది.

మాస్టారికి ఈసారి నిజంగానే భయం వేసింది. పోయే వేళ పోయేవాడికి తెలియదంటారు, ఇదే కాబోలు అనుకున్నారు. బీరువా తాళాల సంగతి చెప్పబోతే ఆవిడ నోరు మూసేసింది.

ఆసుపత్రిలో లిఫ్టు పనిచేయడం లేదు. మాస్టారు కంగారుగా రెండేసి మెట్లు ఎక్కేస్తుంటే, ఆవిడ కింద రెయిలింగ్ పట్టుకుని నిలబడి రొప్పుతూ కేకేసింది.

"పరుగెత్తకండి మహానుభావా. గుండె జబ్బు మనిషన్న సంగతి మర్చిపోయారా?"

మంచం మీద పడుకోబెట్టి మాస్టారి గుండెకి తీగలు తగిలించారు. డాక్టరమ్మ ఈసీజీ మిషను కాగితం పట్టీ చూసి నవ్వింది.

"బిళ్ళలు బాగా పనిచేస్తున్నాయమ్మా. లయ చక్కగా కుదిరింది."

"మీ మిషను చెడిపోయి ఉంటుంది," అంది ఆవిడ. "డోసు పెంచండి డాక్టరమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"ఊరికే పెంచితే గుండె మరీ నెమ్మదిస్తుంది. కళ్ళు తిరిగి పడిపోతారు."

రెండో మిషను తెప్పించారు. అదీ అదే మాట చెప్పింది.

"అయితే నేను అబద్ధమాడుతున్నానా? ఈ చెయ్యి ఎప్పుడూ పొరపాటు పడలేదు."

"మీరు ఇంట్లో ఎలా చూస్తారో ఒకసారి చూపించండి."

ఆవిడ రోషంగా ముందుకొచ్చి, భర్త మణికట్టు మీద బొటనవేలు గట్టిగా అదిమింది.

"ఇదిగో, ఒకటి, రెండు... తప్పింది. చూశారా, మళ్ళీ తప్పింది."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. డాక్టరమ్మ మాస్టారి చెయ్యి వైపు చూడటం లేదు. వాచిన పాదాల్లోకి దిగిపోయిన ఆవిడ చెప్పుల పట్టీల వైపు చూస్తోంది.

"మాస్టారూ, మీరు లేచి ఆ మంచం మీ ఆవిడకివ్వండి," అంది. "బొటనవేలికి దాని నాడి దానికుంటుంది, ఇన్నాళ్ళూ ఈవిడ లెక్కపెట్టింది మీ గుండెని కాదు, తన గుండెనే."