సన్యాసమ్మ పాత ఓట్లు

పోలింగ్ ఎత్తేశాక నియోజకవర్గంలో ఇది రెండో ఎన్నిక. ఏ మనిషి ఇన్నాళ్లూ ఎవరికి ఓటేసిందీ చూసుకుని, ఇప్పుడు యంత్రమే వేసేస్తుంది. గుమాస్తా ఇంటికొచ్చి వేలికి సిరా పూసి పోతాడు.

వాకిట్లో చేపలు తోముతున్న సన్యాసమ్మ చెయ్యి చాపలేదు.

"ఏడుసార్లూ ఒకటే గుర్తు, మామ్మా! నీ మనసు యంత్రానికి బాగా తెలుసు," అన్నాడు గుమాస్తా.

ఆమెకు ఒళ్లు మండింది. ఆ ఏడుసార్లూ పాలెం ఆడవాళ్లను బూత్ గుమ్మంలోనే నిలబెట్టి, మీటలన్నీ ఊరి ప్రెసిడెంటే నొక్కాడు.

"నా మనసు దానికేటి తెలుసురా? ఆ నొక్కుడంతా ప్రెసిడెంటుది. సచ్చి ఆరేళ్లయినా ఇంకా ఆడే ఓటేస్తన్నాడు. ఆ సిరా శ్మశానానికి ఒట్టుకెళ్లి, ఆడి ఏలికే పుయ్యి!"