చెల్లిన ఓటు

తహమీనా వెనకబడిందని మైకులో వినపడగానే లాల్‌సాహెబ్ ఆటోలోంచి ఒక్క ఉదుటున దిగాడు.

“నేను చెప్పలా? అంతా ముందే రాసిపెట్టుకున్నారు,” అన్నాడు భార్య షాజాదీతో.

తహమీనా ఆయన కోడలు. తిరువూరులో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. వీధిలో మురుగు కాలవ గురించి ఎవరికి చెప్పుకున్నా పలకకపోయేసరికి తనే కౌన్సిలరుగా నిలబడింది. ఎదురుగా నిలబడింది కీర్తన. గంపలగూడెం వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల.

కాలేజీలో బ్యాలెట్ కాగితాలు లెక్కపెడుతున్నారు. తహమీనా లోపల ఉంది. గేటు బయట రోడ్డుకు ఇవతల, సొంత ఆటోలో, ఆమె అత్తామామలూ భర్త నాజిమూ పొద్దుట్నుంచీ కాసుకుని ఉన్నారు. లోపలికి ఫోన్లు పోనివ్వరు. వీళ్ళకు మైకే ఆధారం.

పెట్టెలకు సీళ్ళు తన కళ్ళ ముందే వేశారని నాజిమ్ అన్నాడు. వేసేదీ వాళ్ళే తీసేదీ వాళ్ళేనని తండ్రి కొట్టిపారేశాడు. మరి అంత నమ్మకం లేనప్పుడు నాలుగు వారాలు ఇల్లిల్లూ ఎందుకు తిరిగినట్టని షాజాదీ అడిగింది.

మళ్ళీ మైకు మోగింది. ఈసారి తహమీనా ముందుంది.

షాజాదీ చేతులెత్తి దువా చేసింది. నాజిమ్ ఆటో హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

“ఈ కట్ట మాత్రం సరిగ్గా లెక్కపెట్టినట్టున్నారు,” అన్నాడు లాల్‌సాహెబ్.

నాజిమ్ పగలబడి నవ్వాడు. మనం గెలిస్తే సరైన లెక్క, ఓడితే దొంగ లెక్కా అని అడిగాడు.

ఆ తరవాత మైకు పలకలేదు. చాలాసేపటికి లోపల్నుంచి కేకలు వినపడ్డాయి. ఎవరో బల్ల గుద్దిన చప్పుడు. జనం గేటు దగ్గరికి తోసుకొచ్చారు. పోలీసులు అడ్డుపడ్డారు. లోపల ఏదో జరిగిపోతోందని, కోడలు ఒక్కతే అయిపోయిందని లాల్‌సాహెబ్ కాలు నిలవక తిరిగాడు.

అప్పుడు గేటులోంచి ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. పంచె కట్టుకున్నాడు. ఆయన్ని వీళ్ళెవరూ ఇదివరకు చూడలేదు. మెడలో మాత్రం కీర్తన తరఫు ఏజెంటు కార్డు వేలాడుతోంది. ఎండలో నాలుగడుగులు వేసి, తూలి, వీళ్ళ ఆటో కమ్మీ పట్టుకున్నాడు.

“కాసిని మంచినీళ్ళు ఇస్తావా అమ్మా,” అన్నాడు షాజాదీతో.

ఆమె సీసా అందించబోయింది. లాల్‌సాహెబ్ మధ్యలోనే దాన్ని లాక్కున్నాడు.

“మా ఓట్లు ఎన్ని మింగారో చెప్పి తాగండి.”

పెద్దాయన కోప్పడలేదు. లాల్‌సాహెబ్ ముఖంలోకి చూసి, “మీ ఓట్లు మీకే ఉన్నాయండి,” అన్నాడు. “కంగారు పడకండి.”

కార్డు తీసి జేబులో పెట్టుకుని, ఊరి సెంటరు వైపు నెమ్మదిగా నడిచి వెళ్ళిపోయాడు.

దాహమన్న మనిషికి నీళ్ళు లేవంటావా అని షాజాదీ భర్త మీద విరుచుకుపడింది. అంత మెత్తగా మాట్లాడేవాళ్ళనే అసలు నమ్మకూడదన్నాడాయన.

ఆ మాట పూర్తి కాకముందే మైకు గరగరలాడింది.

తహమీనా ఒక్క ఓటుతో గెలిచింది.

నాజిమ్ తల్లిని ఎత్తి గిరగిరా తిప్పాడు. టపాకాయలు పేలాయి. రోడ్డు పొడుగునా ఆటోల హారన్లు. ఎవరో లాల్‌సాహెబ్ మెడలో బంతిపూల దండ వేశారు. అధికారులు ధర్మంగా లెక్కపెట్టారని ఆయన కనపడిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

తహమీనా బయటికి వచ్చింది. జనం దండలు వేస్తున్నారు. ఆమె మాత్రం ఎవరికోసమో వెతుకుతోంది.

“పంచె కట్టుకున్న పెద్దాయన ఇటు వచ్చారా మామయ్యా?”

“ఎందుకు?”

లోపల జరిగింది ఆమె గబగబా చెప్పింది. అన్నీ లెక్కపెట్టాక ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఒక్క కాగితం మిగిలింది. దాని మీద ఇద్దరి గుర్తులకూ ముద్ర ఉంది. చెల్లదని పక్కన పెట్టబోయారు. ఒకటి మడతలో అంటుకున్న సిరా అని తహమీనా వాదించింది. కాదని కీర్తన మనుషులు బల్లలు గుద్దారు. చివరికి అధికారి ఆ కాగితాన్ని అవతలి ఏజెంటుకు, ఆ పెద్దాయనకే, చూపించాడు. ఆయన మడత వెంట మడిచి, విప్పి చూశాడు.

“‘అసలు ముద్ర తహమీనా గుర్తు మీదే ఉంది, ఓటు ఆ అమ్మాయిదే’ అన్నారు మామయ్యా. ఆయన వైపువాళ్ళే ఆయన్ని నానా మాటలూ అన్నారు. దణ్ణం పెడదామని తిరిగి చూసేసరికి లేరు.”

షాజాదీ భర్త వైపు చూసింది.

లాల్‌సాహెబ్ దండ తీసేసి ఆటో ఎక్కాడు. సెంటరుకు వెళ్ళేసరికి ఆ పెద్దాయన ఎక్కిన గంపలగూడెం షేర్ ఆటో కదిలిపోయిందన్నారు. కొంతదూరం దాని వెంట పోయాడు. అందలేదు. వెనక్కి వచ్చేటప్పటికి ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి.

కోడలి పక్కన చతికిలబడ్డాడు. ఎంత ఆలోచించినా ఆయనకు అంతుపట్టలేదు.

“మనం గెలిస్తే ఆయనకేంటి లాభం? వాళ్ళల్లో వాళ్ళకి ఏవో గొడవలు ఉండుంటాయి. కీర్తనంటే పడదేమో,” అన్నాడు.

“పడకపోవడమేంటి మామయ్యా,” అంది తహమీనా. “ఆయన కీర్తన వాళ్ళ నాన్న.”