హెచ్‌వన్ వాళ్లే కావాలి

ఫిర్యాదు చేసినవాడి అంతు చూస్తే గాని కొండల్ రావుకి అన్నం సహించేలా లేదు.

అమెరికాలోని పార్సిప్పనీలో ఆయనకో సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ ఉంది. సిటిజన్లు నచ్చకపోతే మానేసి పోతారు. వీసా మీద ఉన్నవాళ్లయితే నోరెత్తరు. అందుకే ఉద్యోగ ప్రకటనలో 'హెచ్‌వన్ వాళ్లే కావాలి' అని దర్జాగా వేయించాడు. సిటిజన్‌నని తిప్పి పంపారంటూ ఎవరో న్యాయశాఖకి ఫిర్యాదు చేశారు.

దొంగల్నీ హంతకుల్నీ పట్టుకోవాల్సిన శాఖకి తన ప్రకటనతో ఏం పనని లాయరు మీద మండిపడ్డాడు. పోయినేడు మేమూ సిటిజన్లమయ్యాం, మా మీదే కేసా అన్నాడు. ఉద్యోగాల్లో ఇలాంటి వివక్ష లేకుండా చూడటమూ ఆ శాఖ పనేనని లాయరు చెప్పాడు. ఫిర్యాదు ఎవరిదో ఇప్పుడే తెలియదని, ఎవరి మీదా కక్ష తీర్చుకోవద్దని హెచ్చరించాడు.

తెలియకపోవడమేమిటి? తన దగ్గర హెచ్‌వన్ మీద పనిచేస్తున్న శశికాంతే. మొన్న మీటింగులో అందరి ముందూ ఎదురు మాట్లాడాడు. ఎవడో సిటిజన్ స్నేహితుణ్ణి పట్టుకుని ఇదంతా చేయించి ఉంటాడు. ఉద్యోగం పీకేస్తే వీసా పోతుంది. పెళ్లాన్నీ నెలల పాపనీ వెంటబెట్టుకుని వాడు విమానం ఎక్కడం కళ్లారా చూడాలి.

భోజనాల బల్ల దగ్గరే లాప్‌టాప్ తెరిచి, శశికాంత్‌ని తీసేస్తున్నట్టు కసిగా మెయిల్ రాశాడు.

భార్య అన్నపూర్ణ కంచం పెడుతూ, "అతను కాదండీ. వదిలేయండి," అంది.

"ఆఫీసు సంగతులు నీకేం తెలుసు?" అని కసిరాడు.

ఆఫీసు ధ్యాస ఆమెకి అప్పుడప్పుడూ పుడుతుంటుంది. ఒకసారి స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు, తానూ ఏదైనా పని చేస్తానంది. "మా ఆవిడ టెస్ట్ చేయాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, సాంబార్‌లో ఉప్పు," అన్నాడు కొండల్ రావు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"పాపం, పసిబిడ్డ ఉందండీ వాళ్లకి."

"ఉండనీ. నా జోలికొస్తే ఏమవుతుందో తెలియాలి."

సెండ్ నొక్కబోయాడు. అన్నపూర్ణ సాంబార్ గిన్నె పక్కన పెట్టి, లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించింది.

"ఉప్పు టెస్ట్ చేశాను, సరిపోయింది," అంది. "మా పుట్టింటి పేరుతో అప్లై చేస్తే, సిటిజన్‌వి పనికిరావని మీ ఆఫీసు తిప్పి పంపింది నన్నేనండీ."