టిపికల్ అంటే

ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద ‘టిపికల్’ అని రాసి ఇటు తిరిగేసరికి తలుపు కిర్రుమంది.

ఖాకీ చొక్కా ఆయన. యాభై దాటిన మనిషి. సాయంత్రం ఆరింటి క్లాసుకి రోజూ ఆరున్నరకే వస్తాడు. పేరెవరూ అడగలేదు. ‘ఆరున్నర గారు’ అనేవారు.

"టిపికల్ అంటే ఏంటి సార్?" ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"ఒక మనిషిలో ఎప్పుడూ కనిపించే గుణం. పక్కన ‘ఆఫ్’ వస్తుంది. ‘ఇట్ ఈజ్ టిపికల్ ఆఫ్ హిమ్ టు కమ్ లేట్.’ అంటే..." మాస్టారు సుద్దముక్కతో తలుపు వైపు చూపించాడు. "ఆయన బుద్ధే అంత!"

క్లాసంతా గొల్లుమంది.

"మంచికి వాడకూడదా సార్?" మళ్ళీ ఆ అమ్మాయే అడిగింది.

"వాడొచ్చు. కానీ మనకి అంత అవసరం పడదు."

అందరితో పాటు నవ్వబోయిన ఆరున్నర గారు, సంగతి అర్థమై ఆగిపోయాడు.

"పనిచోట ఆలస్యమవుతోంది సార్. అక్కడ ఒక..."

"ఐదున్నరకే డ్యూటీ దిగుతానన్నారుగా! కథలొద్దు. రేపట్నుంచి ఆరు దాటితే రాకండి."

ఆయన తల వంచుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీది మాట పుస్తకంలో గుండ్రంగా రాసుకున్నాడు.

మర్నాడు ఆరుకి ఐదు నిమిషాలుండగానే వచ్చాడు. ఆ తర్వాతా అంతే.

"గట్టిగా ఒక్క మాటంటే దారికి రాని మనిషుండడు," అని మాస్టారు భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

మాస్టారి తల్లి పక్షవాతమొచ్చి రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉంది. మాట పడిపోయింది, చెయ్యి లేవదు. పొద్దున కొడుకు, మధ్యాహ్నం కోడలు వెళ్ళేవారు. సాయంత్రం ఇద్దరికీ కుదిరేది కాదు. అక్కడివాళ్ళు చూసుకుంటారులే అనుకున్నారు.

కోలుకుంటోందనుకున్న మనిషి మూడు వారాల్లో చిక్కి శల్యమైంది. ఒక మధ్యాహ్నం కన్ను మూసింది.

మాస్టారు నర్సు మీద విరుచుకుపడ్డాడు.

"సాయంత్రం పూట ఓ ముద్ద పెట్టే దిక్కు లేదా ఇక్కడ?"

"నలభై మంచాలకి ఒక్కదాన్నండీ నేను," నర్సు కళ్ళు తుడుచుకుంది. "పక్క వార్డు అటెండరు ఒకాయన డ్యూటీ దిగాక కూడా ఉండి, ముప్పావుగంట కూర్చుని చెంచా చెంచా తినిపించేవాడు. నేను పెడితే అమ్మగారు మింగేవారే కాదు. పాపం, ఈమధ్య ఆయన ఆరింటికల్లా ఏదో ఇంగ్లీషు క్లాసులో ఉండాలట... లేటైతే మాస్టారు ఊరుకోరట."