అక్షరాల చుట్టూ మసక

"మళ్లీ ముట్టినవా?"

పంచాక్షరి బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ డీటీపీ దుకాణం అతనిది. కంప్యూటర్ ముందు కూర్చున్న హన్నమ్మ అతని దగ్గర పనిచేస్తుంది. ఆమె లేవనైనా లేవలేదు.

"ముట్టిన సేటూ. గీ మెట్లు మెట్ల అక్షరాలు సూసి సూసి తల పలుగుతుంది. స్మూత్ పెడితె అంచులు నున్నగైతయి."

"నున్నగ గాదు, మసకైతయి! బూడిద పూసినట్టుంది. తీసెయ్!"

ఆ తొంభై తొమ్మిది ఎండాకాలమంతా వాళ్లకు ఇదే లొల్లి. తెర మీద అక్షరాల అంచులు నున్నగా కనబడే ఏర్పాటు ఆమె పెడుతుంది, అతను తీసేస్తాడు. కాగితం మీద అచ్చయ్యాక రెండింటికీ తేడా లేదు. అయినా ఇద్దరిలో ఒక్కరూ తగ్గరు.

"కొన్న కొత్తల స్మూత్ పెట్టుమన్నది నువ్వే గద?"

"అప్పుడు మంచిగుండె. ఇప్పుడు మానిటర్ ఖరాబైంది."

"నాకు మంచిగనే కానొస్తుంది. నీకొక్కనికే ఖరాబైందా?"

గడప పక్క బెంచీ మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. అతనప్పుడు నోరు తెరిచాడు.

"సేటూ, పొద్దూకినంక లైటు సుట్టు సింగిడి లెక్క రంగులు కానొస్తున్నయా?"

పంచాక్షరి గిర్రున అతని వైపు తిరిగాడు.

కనిపిస్తున్నాయి. దుకాణం మూసే వేళ వీధి దీపం చుట్టూ రంగుల వలయాలు చాలాసార్లు చూశాడు. భయపడి ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఆ భయం ఇప్పుడు కోపమైంది.

"ఎవర్రా నువ్వు? ఇందాకట్నుంచి రెప్ప గొట్టకుండ నా తెర దిక్కే సూస్తున్నవ్. ఏ ఊరు నీది?"

"నాగల్‌గిద్ద. మొగులప్ప అంటరు. కోపం జెయ్యకు. తప్పు తెరది గాదు, ఆ పిల్లది గాదు. జల్దీ పట్నం పో. కండ్ల దవాఖాన్ల సూపిచ్చుకో."

"నా కండ్లు పోవాల్నని కోరుకుంటున్నవా?"

"పోవద్దనే చెప్తున్న."

పంచాక్షరి అతని జబ్బ పట్టి లేపాడు. గడప బయటికి నూకాడు. మెట్టు తప్పి ముసలాయన మోకాళ్ల మీద పడ్డాడు. రెండు చేతులతో నేలను తడుముకున్నాడు.

"పట్టపగలే తాగిండు!"

రోడ్డు మీద ఎవరో అరిచారు, నలుగురు పకపకా నవ్వారు.

హన్నమ్మ దిగ్గున లేచింది.

"ముసలోన్ని గట్ల నూకుతరా?"

"నొప్పైతే నువ్వు గూడ పో!"

"పోత. నీ దుకాణంల నువ్వే కూసో."

ఆమె సంచీ భుజాన వేసుకుని, ముసలాయనను లేపి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పీడ పోయిందనుకున్నాడు పంచాక్షరి. కుర్చీలో కూర్చుని నున్నదనం తీసేశాడు. అక్షరాలు పదునుగా నిలబడ్డాయి.

వానాకాలం నడిమికి వచ్చేసరికి ఆ పదును కూడా పోయింది. మానిటర్ అమ్మినవాడితో గల్లా పట్టి కొట్లాడాడు. కొత్తది తెచ్చుకున్నాడు. అందులోనూ అదే బూడిద.

ఒక పొద్దున లేచేసరికి కుడి కంటికి ఏమీ కనబడలేదు.

పట్నంలో కళ్ల డాక్టరు పరీక్ష చేసి తల అడ్డంగా ఊపింది.

"ఈ కంటి నరం ఎండిపోయింది. ఇక చూపు రాదు. రెండోది చుక్కల మందుతో కాపాడుకోవాలి. దీపాల చుట్టూ రంగులు కనబడ్డప్పుడే రావలసింది. ఎవరూ చెప్పలేదా?"



"చెప్పిండమ్మా. ఒకాయన చెప్పిండు."

ఊరికి వచ్చినా మనసు నిలవలేదు. చలికాలం వెళ్లేటప్పుడు నాగల్‌గిద్ద బస్సెక్కాడు. అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో ఒక ముసలామె కందులు చెరుగుతోంది. మొగులప్ప పెండ్లాం కాశమ్మ.

"మొగులప్ప ఉన్నడా?"

"మొన్నటి చలికి పాణం ఇడిసిండు. నువ్వెవరు?"

పంచాక్షరి చెప్పులు వాకిట్లోనే విడిచాడు. తాను ఖేడ్‌లో కంప్యూటర్ దుకాణం వాడినని చెప్పాడు.

కాశమ్మ చేట కింద పెట్టింది.

"నూకింది నువ్వేనా? మందులకు పోతూ జరసేపు నీ బెంచి మీద కూసోబెట్టి పోయిన. వచ్చేసరికి మోకాలు చిప్ప పలిగి ఉండె. ఇంకేం కావాలె నీకు?"

"తప్పయిందమ్మా. కాళ్లు మొక్కుదామని వచ్చిన. నా తెర ఒక్కసారి సూసి, నా రోగం చెప్పిండు..."

"సూసి చెప్పిండా?"

ఆమె అతని వైపు అసహ్యంగా చూసింది.

"లగ్గమైన కొత్తల, నేను కందిలి దీపం గ్లాసు మసి తుడుస్తలేనని నన్ను గూడ గట్లనే తిట్టేటోడు. గ్లాసు మంచిగనే ఉండె. మీ ఇద్దరి లొల్లి చెవులబడి ఆయనకు అదే యాదికొచ్చింది."

చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"కండ్లు పోయి, కన్న బిడ్డ మొకమే ఎట్లుంటదో సూడకుండ పోయినోడు, నీ తెర యాడ సూసిండయ్యా?"