ఖరారు

కోర్టులో జడ్జిగారు నా కొడుకు మీద దొంగతనం అభియోగం ఖరారు చేశామన్నారు. నేను తాపీమేస్త్రీని. మా పనిలో ఖరారంటే ఇక తిరుగులేని మాట.

బోనులో ఉన్నవాడి ముఖమైనా చూడకుండా, "దొంగవెధవా, మళ్లీ నా గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా!" అని అందరూ వినేట్టు అరిచి బయటికొచ్చేశాను.

కాసేపటికి మా ప్లీడరమ్మ వరండాలోకి వచ్చింది.

"ఎన్నేళ్లు వేశారమ్మా?" అన్నాను.

"వెయ్యడమేంటి బాబాయిగారూ! అభియోగమంటే, నీ మీద ఫలానా తప్పు మోపుతున్నారు, చేశావా అని అడగడం. ఖరారైంది ఆ ప్రశ్నే, నేరం కాదు. విచారణ ఇంకా మొదలే కాలేదు."

"మరి మావాడేమన్నాడు?"

"చెయ్యలేదన్నాడు. ఆ మాట అంటూ తలుపు వైపే చూశాడు, మీరు విన్నారేమోనని."

బెయిలు మీద ఇంటికొచ్చినప్పటినుంచీ వాణ్ణి తిడుతూనే ఉన్నాను. పక్కన కూర్చుని అన్నం కూడా తినలేదు.

చేశావా అని వాణ్ణి అడిగిన మొదటి మనిషి ఆ జడ్జిగారే.